లోగాన్, వెరిటో, తొందర్... ఒకే కారుకి ఇన్ని పేర్లెందుకు? రాయగడలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా వాకిట్లో 2009 నాటి డీజిల్ లోగాన్ ఒకటి ఉంది. నాన్నగారు విశాఖపట్నంలో కొని, ఒడిశాలోని మా రాయగడ తెచ్చి, మజ్జి గౌరమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించారు. అప్పటి నుంచి దాన్ని చూసి ఆగి అడిగేవాళ్ళకు లోటు లేదు. పర్లాకిమిడి చుట్టాలు, గుణుపురం ట్యాక్సీ కుర్రాళ్ళు, జయపురంలో పాత బండ్ల బేరగాళ్ళు, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దలు, అందరివీ ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక అయిపోయి రాసిపెడుతున్నాను. నేను మెకానిక్‌ని కాను, షోరూం మనిషిని అసలే కాను. పదిహేనేళ్ళు దాటి ఒకే బండి నడిపినవాణ్ణి, దాని పుట్టుపూర్వోత్తరాలు ఆసక్తి కొద్దీ చదువుకున్నవాణ్ణి, అంతే.

ఇంతకీ ఇది మహీంద్రా కారా, రెనో కారా?

కన్నది ఫ్రాన్సు, పురుడు పోసింది రొమేనియా, మన దేశంలో పెంచింది మహీంద్రా. డిజైను, ఇంజను రెనోవి. 2004లో మొదట తయారైంది రొమేనియాలోని డాచియా ఫ్యాక్టరీలో, మొదట అమ్మిందీ డాచియా పేరుతోనే. మన దేశంలో మహీంద్రా, రెనో కలిసి పెట్టిన కంపెనీ నాసిక్‌లో బిగించి 2007 నుంచి అమ్మింది. 2010లో వాళ్ళు విడిపోయారు, పిల్ల మహీంద్రా ఇంట్లో ఉండిపోయింది.

ఈ కారు ఆలోచన ఎవరిది? ఎలా పుట్టింది?

నాకు బాగా ఇష్టమైన కథ ఇది, కాస్త నిదానంగా చెబుతాను.

లూయీ ష్వైట్జర్ అని, 1992 నుంచి 2005 దాకా రెనో అధిపతిగా ఉన్నాయన. 1997లో ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ వెంట రష్యా వెళ్ళారు. అక్కడ ఆయన కంట పడినవి లాడా కార్లు. ఎప్పటివో పాత డిజైన్లు, ధర సుమారు 6,000 డాలర్లు. జనం వాటినే ఎగబడి కొంటున్నారు. పక్కనే మెరిసిపోతున్న విదేశీ కార్లు మాత్రం అద్దాల గదుల్లో కదలకుండా ఉన్నాయి, ఎందుకంటే వాటి ధర రెండు మూడింతలు.

వేరే పెద్దమనిషి అయితే "పాపం, వీళ్ళకు మంచి కారు కొనే స్తోమత లేదు" అనుకుని విమానం ఎక్కేసేవాడు. ష్వైట్జర్ తిరగేసి ఆలోచించారు. ఇదే 6,000 డాలర్లకు కొత్త కాలం కారు ఎందుకు చేయలేం? ఆధునికంగా ఉండాలి, నమ్మకంగా నడవాలి, ధర అందాలి. ఈ మూడూ తప్ప మిగతా దేంట్లోనైనా సర్దుకోవచ్చన్నారు. ధర ముందు ఖాయం, కారు ఆ తర్వాత. మన ఇళ్ళల్లో పెళ్ళి ఖర్చు ఇంత అని గిరి గీసుకుని, ఆ గిరి లోపలే వంటలూ బట్టలూ చూసుకున్నట్టు. తర్వాత ఆ లెక్క 5,000 యూరోలుగా స్థిరపడింది.

1999లో రొమేనియాలో నష్టాల్లో ఉన్న డాచియా కంపెనీని రెనో కొన్నది. 2004 జూన్‌లో పారిస్ దగ్గరి తమ పరిశోధన కేంద్రంలో లోగాన్‌ను బయటపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి రొమేనియాలో అమ్మకాలు మొదలయ్యాయి.

డాచియా అంటే ఏమిటి? ఎప్పుడూ వినలేదే.

మనం వినకపోవడం సహజమే. రొమేనియా నేలకు రోమన్ల కాలంనాటి పేరు డాచియా, మన దగ్గర కళింగ అన్నట్టు. కమ్యూనిస్టు ప్రభుత్వం 1966లో మియోవెని అనే ఊళ్ళో ఫ్యాక్టరీ కట్టింది. మొదట రెనో 8 నమూనాని, తర్వాత 1969 నుంచి రెనో 12 నమూనాని డాచియా 1300 పేరుతో అక్కడ చేశారు. ఆ రెండో కారు చిన్న చిన్న మార్పులతో 2004 దాకా, అంటే 35 ఏళ్ళు, వస్తూనే ఉంది. మన అంబాసిడర్ గుర్తొచ్చిందా? అదీ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనానే, 1957 నుంచి 2014 దాకా లాగించాం. పర్లాకిమిడిలో మా పెదతాతగారికి అంబాసిడర్ ఎలాగో బుకారెస్టులో ఒకాయనకు డాచియా 1300 అలాగన్నమాట. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, రోడ్డు పక్క ఏ మెకానిక్ అయినా విప్పగలిగే బండి. లోగాన్ వచ్చి కూర్చున్నది ఆ కుర్చీలో.

ఐదు వేల యూరోలకు కారు ఎలా చేశారు? నాసిరకం సామాను వాడారా?

అందరూ అనుకునేది అదే. నిజానికి పొదుపు కనపడని చోట్ల చేశారు. మా ఇంటి బండిని చూపించి చెబుతాను, మీ దగ్గర ఉంటే మీరూ చూసుకోండి.

ముందు అద్దం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. వంపు ఎక్కువైన కొద్దీ అద్దం తయారీ ఖరీదు, రవాణాలో పగలడమూ ఎక్కువ. పక్కల ఉండే, వెనక చూసుకునే అద్దాలు ఎడమది, కుడిది ఒకే ఆకారం, రెండు అచ్చులు అక్కర్లేదు. తలుపుల మీద గీతల్లా అతికించే ప్లాస్టిక్ పట్టీలకూ అదే కిటుకు. డ్యాష్‌బోర్డు పెద్ద ముక్క మొత్తం ఒకే అచ్చులో పోసింది. రేకు మీద వంపులు, మడతలు తక్కువ, అందుకే ఆ పెట్టె ఆకారం. మా అత్తయ్య దీన్ని మొదటిసారి చూసి "ఇదేంట్రా, బీరువాకి చక్రాలు పెట్టినట్టుంది" అంది. ఆ మాటలో తప్పేం లేదు.

ఇంజను, గేరుబాక్సు కొత్తవి తయారుచేయలేదు. రెనో దగ్గర అప్పటికే ఉన్నవి, క్లియో లాంటి కార్లలో నలిగి నిరూపించుకున్నవి తెచ్చి పెట్టారు. డిజైను చాలావరకు కంప్యూటరు మీదే తేల్చి, లక్షలు పోసి చేసే నమూనా బండ్ల ఖర్చు తగ్గించుకున్నారు. మియోవెనిలో కూలి తక్కువ కాబట్టి మొదట్లో రోబోల బదులు మనుషులతోనే ఎక్కువ పని చేయించారు.

అయితే పొదుపు చేయని చోట్లు కూడా ఉన్నాయి, అసలు విషయం అక్కడుంది. సస్పెన్షన్ గట్టిది, ఎత్తయినది. రెండు ఇరుసుల మధ్య దూరం 2,630 మిల్లీమీటర్లు, ఈ ధరలో ఆ రోజుల్లో అంత చోటు ఇచ్చినవాళ్ళు లేరు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు భుజాలు ముడుచుకోకుండా కూర్చోవచ్చు. డిక్కీ 510 లీటర్లు. మా చెల్లి పెళ్ళికి సారె పట్టుకెళ్ళినప్పుడు అరిసెల డబ్బాలు, లడ్డూల డబ్బాలు, రెండు సూట్‌కేసులు, ఒక ఇత్తడి బిందె అందులోనే సర్దాం. డిక్కీ మూత పడింది. మా బావగారి ఖరీదైన కారులో ఆ బిందె ఒక్కటీ ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చేది.

ఒక్కో దేశంలో ఒక్కో పేరంటారు, నిజమేనా?

నిజమే. యూరప్‌లో డాచియా లోగాన్. రష్యాలో, బ్రెజిల్‌లో, కొలంబియాలో రెనో లోగాన్. మాస్కో ఫ్యాక్టరీ, కొలంబియాలో ఎన్విగాడో, మొరాకోలో కాసాబ్లాంకా, ఈ మూడూ 2005లోనే తయారీ మొదలుపెట్టాయి. మెక్సికోలో అదే కారు నిస్సాన్ అప్రియో. దక్షిణాఫ్రికాలో లోగాన్ పికప్‌ను నిస్సాన్ ఎన్‌పీ200 పేరుతో 2008 నుంచి 2024 దాకా తయారుచేశారు. రష్యాలోనే ఏడు సీట్ల పొడుగు లోగాన్ 2012 నుంచి లాడా లార్గస్ అయింది. తర్వాతి తరాల బండ్లు కొన్ని దేశాల్లో సింబల్ అని, టర్కీలో తాలియాంట్ అని తిరిగాయి. మన దగ్గర మొదట మహీంద్రా రెనో లోగాన్, పిమ్మట మహీంద్రా వెరిటో.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇరాన్ పేరు: తొందర్ 90. పార్శీలో తొందర్ అంటే ఉరుము. ఆ 90 ఈ కారుకి రెనో లోపల పెట్టుకున్న సంకేతంలోంచి వచ్చింది. మన చెవికి మాత్రం అది "తొందర" అనే వినిపిస్తుంది. 65 హార్స్‌పవర్ డీజిల్‌ను ఘాట్ మీద నడిపినవాడెవడూ ఈ బండికి ఆ పేరు పెట్టడు, అది వేరే సంగతి.

పేర్ల గోల మనకేం కొత్త? మనం బరంపురం అంటే వాళ్ళు బ్రహ్మపుర్ అంటారు. మనకు మజ్జి గౌరమ్మ, ఒడియా పొరుగింటివాళ్ళకు మా మఝిఘరియాణి. అమ్మవారు ఒకరే, కొబ్బరికాయా ఒకటే. అందుకేనేమో, ఈ కారు కథ చెబితే విజయనగరంలో కంటే రాయగడలో తొందరగా ఎక్కుతుంది.

పేద దేశాల కోసం చేసిన కారు యూరప్‌లో ఎలా అమ్ముడైంది?

మొదట పశ్చిమ యూరప్‌లో అమ్మే ఉద్దేశమే లేదు. ఫ్రాన్సు, జర్మనీ జనాలే మాకూ కావాలన్నారు. 2005లో అక్కడికీ తెచ్చారు, సామాను కొంచెం పెంచి, ధర కూడా పెంచి. ఆ తర్వాత 2009లో ఆర్థిక మాంద్యం. పాత కారు తుక్కుకి ఇచ్చి కొత్తది కొంటే జర్మనీ ప్రభుత్వం 2,500 యూరోలు చేతిలో పెట్టింది. చవక కారు కొనేవాడికి ఆ సొమ్ము ఎంత పెద్దదో ఊహించుకోండి. డాచియా అమ్మకాలు అక్కడ ఒక్కసారిగా లేచాయి.

మన దేశంలో ఎందుకు ఆడలేదు?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పావు మీటరు.

2005లో మహీంద్రా, రెనో చేతులు కలిపాయి, మహీంద్రాకి 51 శాతం, రెనోకి 49. 2007 ఏప్రిల్‌లో లోగాన్ వచ్చింది. 1.4, 1.6 పెట్రోలు, 1.5 డీజిల్. ధర నాలుగు లక్షల పైచిలుకు నుంచి. అంత చోటున్న డీజిల్ సెడాన్‌కి ఆ రోజుల్లో అది మంచి ధరే.

అయితే అంతకు ముందు ఏడాదే, 2006 బడ్జెట్‌లో, కేంద్రం చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. షరతులు రెండు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. ఇంజను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. మన లోగాన్ డీజిల్ ఇంజను 1,461 సీసీ, పాసు. పొడవు సుమారు 4.25 మీటర్లు, ఫెయిలు. ఒక జానెడు ఎక్కువైనందుకు మొత్తం బండికి పెద్ద కారు సుంకం.

ఫ్రాన్సులో గీసినప్పుడు ఢిల్లీలో ఇలాంటి గీత పడుతుందని ఎవరు కలగన్నారు? మిగతా కంపెనీలు ఆ గీత చూసుకుని కత్తెర పట్టాయి. టాటా 2008లో ఇండిగో సీఎస్ అని నాలుగు మీటర్లలోపు సెడాన్ దించింది. మారుతి డిజైర్ 2008లో పొడుగ్గా వచ్చినా 2012లో డిక్కీ కుదించుకుని 3,995 మిల్లీమీటర్లకు దిగింది. లోగాన్ మాత్రం తన చోటుని, డిక్కీని అలాగే పెట్టుకుని పన్ను కడుతూ నిలబడింది. ప్రపంచమంతా తక్కువ ధర అనే ఒక్క బలం మీద నడిచిన కారుకి ఇక్కడ ఆ బలమే తీసేశాం.

ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు కూడా నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజన్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం పెట్టారు.

ఇంకో కారణం మొహం. మొహం చూసి బొట్టు పెట్టే దేశం మనది. ఐదారు లక్షలు పోసి కొన్నాక పక్కింటివాడు ఒకసారి తల తిప్పి చూడాలి కదా! అక్కడ లోగాన్‌కి మార్కులు రాలేదు. అమ్మకాలు తగ్గాయి, ట్యాక్సీవాళ్ళు ఎక్కువ కొన్నారు, అది చూసి ఇళ్ళవాళ్ళు ఇంకా తగ్గారు. 2010లో రెనో తన వాటా మహీంద్రాకి అమ్మేసి బయటికి వచ్చింది.

లోగాన్‌కీ వెరిటోకీ తేడా ఏమిటి?

మొదట్లో పేరు పలక తప్ప పెద్దగా ఏమీ లేదు. 2011లో పేరు వెరిటో అయింది, 2012లో మొహానికి కొంచెం మెరుగులు దిద్దారు. లోపలి సరుకు అదే. పార్టులు చాలావరకు దానివి దీనికి పడతాయి.

వెరిటో వైబ్ అని ఇంకోటి ఉండేది కదా?

2013లో వచ్చింది. తోక కత్తిరించి 3,991 మిల్లీమీటర్లకు తెచ్చారు. గీత లోపలికి వచ్చేసరికి ఆరేళ్ళు గడిచాయి, ఆలోగా పెళ్ళిళ్ళన్నీ అయిపోయాయి. మా జిల్లాలో నేను చూసినవి చేతివేళ్ళు దాటవు.

"అది ట్యాక్సీ బండి, ఇంటికి బాగోదు" అని మా మావయ్య అంటున్నారు. ఏం చెప్పను?

మావయ్యగారిని ఒకసారి పార్వతీపురం స్టాండు దగ్గరికి తీసుకెళ్ళి, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన వెరిటో డ్రైవరుతో టీ తాగించండి. రోజుకి పొట్ట గడవాల్సినవాడు చెడిపోయే బండి కొనడు. ట్యాక్సీ అన్న మాట తిట్టులా వాడతారు గానీ, పాత బండి కొనేవాడికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

ఒక్కటి మాత్రం ఆయన చెప్పింది వినాలి. ట్యాక్సీగా తిరిగి ఇంటి బండిగా మార్చిన బండి అయితే మీటరు మీద నమ్మకం పెట్టుకోకండి. పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకి ఎప్పుడు మార్చారో ఆర్‌సీలో చూడండి.

ఘాట్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది, తన పద్ధతిలో. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే ఘాట్ మన ప్రాంతంలో అసలైన పరీక్ష. ముందు బాక్సైట్ లారీ, వెనక బస్సు, మధ్యలో మనం. ఈ డీజిల్‌లో టర్బో అందుకునే దాకా, అంటే సుమారు రెండు వేల ఆర్‌పీఎం దాకా, పికప్ ఉండదు. మూడో గేరులో మలుపు తిరిగితే బండి నీలుగుతుంది. రెండో గేరు ముందే వేసి, ఇంజను కాస్త అరవనిస్తే ఐదుగురితో, నిండు డిక్కీతో హాయిగా లాగుతుంది. ఏసీ కట్టేయాలా అని అడుగుతారు. నాన్నగారు కట్టేసేవారు, నేను కట్టేయను. ఇద్దరం పైకి చేరాం.

దిగేటప్పుడు మాత్రం ఎక్కిన గేరులోనే దిగండి. బండి ఏదైనా ఈ మాట మారదు.

గుంతల సంగతి వేరే చెప్పాలి. వానాకాలంలో రాయగడ నుంచి గుణుపురం వైపు రోడ్డు మీద దీని సస్పెన్షన్ విలువ తెలుస్తుంది. కొత్త కార్లు ఆగి, ఒక చక్రం దించి, ప్రార్థించి, ఇంకో చక్రం దించుకునే చోట ఇది అలా వెళ్ళిపోతుంది. రొమేనియా పల్లెల రోడ్లు కూడా ఇలాగే ఉండేవేమో అనిపిస్తుంది.

రెనో డస్టర్ దీని తమ్ముడంటారు, నిజమా?

సొంత తమ్ముడే. 2010లో డాచియా పేరుతో యూరప్‌లో, 2012లో రెనో పేరుతో మన దేశంలో వచ్చిన డస్టర్ కింది నిర్మాణం లోగాన్‌దే. మన దగ్గర దొరికిన 1.5 డీజిల్ ఇంజను కూడా అదే 1,461 సీసీ కుటుంబం, శక్తి పెంచి పెట్టారు. తమ్ముణ్ణి చూసి జనం వెర్రెత్తిపోయారు, అన్నని ట్యాక్సీ అన్నారు. శాండెరో అని ఇంకో చెల్లెలు ఉంది, యూరప్‌లో విపరీతంగా అమ్ముడవుతుంది, మన దేశానికి రానేలేదు.

మైలేజీ?

నాకు బొబ్బిలి రోడ్డు మీద లీటరుకి 19, 20. ఘాట్‌లో 14, 15. ట్యాంకు 50 లీటర్లు.

భద్రత ఎలా ఉంటుంది?

2005లో బండిని ఢీకొట్టించి చూసే యూరప్ పరీక్షలో, ఎయిర్‌బ్యాగులున్న లోగాన్‌కి పెద్దల భద్రతలో ఐదుకి మూడు నక్షత్రాలు వచ్చాయి. ఆ ధరకి, ఆ కాలానికి గౌరవంగానే ఉంది. కానీ ఆ మార్కులు మన బండికి తెచ్చి అంటించకండి. ఇక్కడ అమ్మినవాటిలో ఎయిర్‌బ్యాగు పై రకాలకే ఉండేది. మా బండికి ఒక్కటీ లేదు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు దేశంలో తప్పనిసరి అయిందే 2019 జులైలో. అందుకని మా ఇంట్లో నియమం ఒకటే, వెనక కూర్చున్న అమ్మమ్మ కూడా బెల్టు పెట్టుకోవాలి. "నన్నెవడు ఎత్తుకుపోతాడ్రా, కట్టేస్తున్నావు" అంటుంది. కడతాం.

పార్టులు దొరుకుతాయా? మెకానిక్‌లకు తెలుసా?

బ్రేకులు, క్లచ్ ప్లేటు, బుష్‌లు, ఫిల్టర్లు దొరుకుతున్నాయి. విశాఖపట్నంలో చెబితే బస్సులో వేసి పంపిస్తారు. దీపాల గ్లాసులు, తలుపు లోపలి ప్లాస్టిక్ సామాను లాంటివి కష్టం, తుక్కు కొట్లలో వెతుక్కోవాల్సిందే. ఇంజను లోపలి పార్టులకు డస్టర్, నిస్సాన్ డీజిల్ బండ్లు పనిచేసిన మెకానిక్‌ని పట్టుకోండి, ఇంజను వాళ్ళకు పరిచయమే.

ఇక్కడ నా గోడు ఒకటి వినాలి. ఇంజనులో పిస్టన్లు, వాల్వులు ఒక లయలో కదిలేలా చూసేదాన్ని టైమింగ్ చైను లేదా బెల్టు అంటారు. ఈ ఇంజన్‌కి చైను ఉండదు, బెల్టు ఉంటుంది. రబ్బరు బెల్టు, కాలం తీరాక మార్చి తీరాలి. తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకు తగులుతాయి, ఇంజను విప్పాల్సిందే. నాకు ఇది తెలుసు. తెలిసే, ఒక పెద్ద సర్వీసు సెంటరులో డబ్బు కట్టి మార్పించాను, బిల్లులో కూడా రాశారు. ఏడాది తిరక్కుండా కొమరాడ దాటాక, పిల్లలు వెనక నిద్రపోతుండగా, టక్‌మని ఒక్క చప్పుడు. బండి ఆగింది. విప్పి చూస్తే బెల్టు పాతదే. పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ ఆ సెంటరు లేదు కూడా. వాల్వులు వంగి, హెడ్ పనితో కలిపి నలభై వేలు దాటింది. బండిని లాక్కెళ్ళిన ట్రాక్టరు అతను మాత్రం ఎంత ఇమ్మంటావు బాబూ అంటే "మీ ఇష్టం, పిల్లలున్నారు కదా" అన్నాడు.

అప్పటి నుంచి నేను పక్కన నిలబడి మార్పిస్తాను, పాత బెల్టు ఇంటికి తెచ్చుకుంటాను. మేకులకి మూడు బెల్టులు వేలాడుతున్నాయి. మీరూ అలాగే చేయండి.

ఆంధ్రాలో బండి తక్కువకి దొరుకుతోంది. కొని ఒడిశాలో తిప్పుకోవచ్చా?

తిప్పుకోవచ్చు, కానీ 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, చట్టం అది. చాలామంది ఏపీ నంబరుతో ఏళ్ళ తరబడి తిప్పేస్తారు. ఎవరో ఒకరోజు ఆపుతారు, ఆ రోజే మీకు అర్జంటు పని ఉంటుంది.

పద్ధతి ఇది. ముందు అమ్మేవాడి రవాణా ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 28. బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు ఆర్‌సీలో తీయించాలి, లేకపోతే ఫైలు కదలదు. ఆ పత్రం చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి, చుట్టమైనా సరే. తర్వాత రాయగడ ఆఫీసులో కొత్త నంబరుకీ, పేరు మార్పుకీ దరఖాస్తు, బండి వయసు బట్టి ఇక్కడి పన్ను. అక్కడ కట్టిన జీవితకాల పన్నులో మిగిలినది వెనక్కి ఇమ్మని అడగొచ్చు. వస్తే మంచిది, వస్తుందని మాత్రం బేరంలో లెక్క వేసుకోకండి.

ఇంకో సంగతి, లోగాన్లు, పాత వెరిటోలు ఇప్పుడు పదిహేనేళ్ళు నిండినవో నిండుతున్నవో. ఆ గడువు దాటితే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలు చేశారు. పదేళ్ళ డీజిల్ బండి నడపకూడదన్న గొడవ ఢిల్లీ ప్రాంతానిది, మనకి కాదు. అక్కడి నుంచి వచ్చిన చవక బండి అని ఎవరైనా అంటగడితే కాగితాలు రెండుసార్లు చదవండి.

కరెంటు వెరిటో అని ఉందట?

ఉండేది. 2016లో ఈ-వెరిటో వచ్చింది. ఒక చార్జికి 110 కిలోమీటర్లని కంపెనీ లెక్క. ప్రభుత్వ ఆఫీసులకు, నగరాల్లో క్యాబ్‌లకు బాగానే వెళ్ళింది. రాయగడ నుంచి విజయనగరం వెళ్ళి అదే చార్జితో వెనక్కి రావాలనుకునేవాడికి మాత్రం టెన్షనే.

ఇప్పుడు ఈ కారు ఎక్కడైనా తయారవుతోందా?

మన దేశంలో డీజిల్ వెరిటో 2020లో బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలతో ముగిసింది. ఇరాన్‌లో అమెరికా ఆంక్షల దెబ్బకి 2018లో రెనో వెళ్ళిపోయింది. డాచియా మాత్రం 2012లో రెండో తరం, 2020లో మూడో తరం లోగాన్ తెచ్చి ఇంకా అమ్ముతోంది. అవేవీ మన దాకా రాలేదు.

రష్యా సంగతి చెప్పి తీరాలి. యుద్ధం మొదలయ్యాక 2022లో రెనో రష్యా వదిలేసింది. లాడా తయారుచేసే అవ్తోవాజ్‌లో తన వాటాని ఒక రష్యా ప్రభుత్వ సంస్థకు నామమాత్రంగా ఒక్క రూబులుకి ఇచ్చేసింది. రెనో వెళ్ళిపోయినా లార్గస్ మిగిలింది, లాడావాళ్ళు దాన్ని మళ్ళీ తయారుచేస్తున్నారు. 1997లో ష్వైట్జర్ లాడాల్ని చూసి, వీటి బదులు ఇంకేదైనా ఇవ్వాలి వీళ్ళకి అనుకున్నారు కదా. ఆ ఇంకేదో చివరికి లాడా అయి కూర్చుంది.

పాత వెరిటో కొనేముందు ఏం చూడాలి?

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం అడగండి, కాగితం లేకపోతే మారలేదనే లెక్క. ఉదయం చల్లటి ఇంజను మీద స్టార్ట్ చేయించండి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. కల్తీ డీజిల్ తాగిన బండ్లు అక్కడే బయటపడతాయి, నల్లపొగ, గట్టి టకటకలు. గుంతలో దించి కింద బుష్‌ల చప్పుడు వినండి. చప్పుడుంటే భయపడక్కర్లేదు, బేరంలో తగ్గించుకోండి.

ఆఖరున ఒక్కరే నడిపి చూసి ఊరుకోకండి. నలుగుర్ని ఎక్కించుకుని, వీలైతే కొంచెం ఎత్తు ఉన్న రోడ్డు మీద రెండో గేరులో తీసుకెళ్ళండి. మా ఊరి దాకా వస్తే మావాళ్ళు ముగ్గురు ఎప్పుడూ సిద్ధం. వెనక సీటు వాళ్ళకి బాగా అలవాటు.